డీవీసీ (గృహ హింస చట్టం కింద వేసే) కేసు 60 రోజుల్లో తేలాలని చట్టంలోనే ఉంది కదా, మా చెల్లి కేసు ఎందుకు కదలట్లేదు? అసలు మార్చాల్సింది ఎక్కడ?

తెనాలి_అన్నయ్య:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. మా చెల్లి కాపురం హైదరాబాద్‌లో, బావది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. మొదట్లో ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకోవడం, ఫోన్ చెక్ చేయడం, పుట్టింటికి పంపకపోవడం ఇలా ఉండేది, తర్వాత చేయి చేసుకోవడం మొదలైంది. పెద్దమనుషుల్లో పెట్టాం, బావ వాళ్ళ నాన్న "ఇకమీద నాదే పూచీ" అని అందరి ముందూ చెప్పి తీసుకెళ్ళాడు, బావ నాలుగు నెలలు బానే ఉన్నాడు, మళ్ళీ అదే. చివరికి పాపతో సహా బయటికి నెట్టి తలుపేసుకుంటే మా ఇంటికి వచ్చేసింది. స్టేషన్‌కి వెళ్తే కౌన్సెలింగ్ అన్నారు, బావ రెండు వాయిదాలకి వచ్చి మూడోదానికి రాలేదు. 498ఏ (వేధింపుల క్రిమినల్ కేసు) పెడదామంటే అమ్మ వద్దంది, కాపురం శాశ్వతంగా పోతుందని. అందుకని లాయర్ గారు ఇక్కడే డీవీసీ వేశారు.

ఇప్పుడు ఏడాది దాటింది. ఇంటరిమ్‌లో (కేసు తేలేలోపు తాత్కాలికంగా) నెలకి 8 వేలు ఇవ్వమని ఆర్డర్ అయితే వచ్చింది, ఆయన ఒక్క నెల కట్టి ఊరుకున్నాడు. వెళ్ళిన ప్రతిసారీ మేజిస్ట్రేట్ గారు సెలవనో, అవతలివాళ్ళు కౌంటర్ (జవాబు) వేయలేదనో, టైమ్ అడిగారనో వాయిదా. మొన్న ఊరికే చట్టం డౌన్‌లోడ్ చేసి చదివితే, మూడు రోజుల్లో మొదటి హియరింగ్, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చాలి అని ఉంది. చదివాక ఇంకా కోపం వచ్చింది. ఇంత బాగా రాసిన చట్టం ఇలా ఎందుకుంది? కొత్త చట్టం కావాలా, ఉన్నదాన్నే సరిచేస్తే చాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బార్_రూమ్_అక్క:

అన్నయ్య గారూ, ముందు మీ చెల్లెలి డబ్బు సంగతి చూద్దాం, సంస్కరణలు తర్వాత మాట్లాడుకోవచ్చు. ఇంటరిమ్ ఆర్డర్ ఉండి డబ్బు రాకపోతే మెయిన్ కేసు వాయిదాలకి తిరిగితే ఏమీ రాదు, అమలు కోసం విడిగా పిటిషన్ వేయాలి. 2006 రూల్స్‌లో ఉంది, ఈ ఆర్డర్లని పాత సీఆర్‌పీసీ 125 (మనోవర్తి సెక్షన్) పద్ధతిలోనే అమలు చేయించుకోవాలి, ఇప్పుడది దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144. అంటే బకాయి లెక్క వేసి పిటిషన్, దాని మీద వారంట్, అప్పటికీ కట్టకపోతే నెల బకాయికి నెల దాకా జైలు. ఒక మెలిక ఉంది, బకాయి పడ్డ రోజు నుంచి ఏడాదిలోపే అడగాలి, మీకు ఇప్పటికే టైమ్ దగ్గర పడుతుండొచ్చు కాబట్టి ఈ వారమే మీ లాయర్‌ని కలవండి. ఇంకోటి, సెక్షన్ 20లో ఆరో క్లాజు అని ఒకటి ఉంది, చాలామంది వాడరు, దాని కింద మేజిస్ట్రేట్ నేరుగా భర్త కంపెనీకే ఆదేశం ఇవ్వొచ్చు, జీతంలోంచి కోసి భార్యకో కోర్టుకో కట్టమని. మీ బావది నెల జీతం ఉద్యోగం కదా, ఇది అడగమనండి.

ఇక 60 రోజుల సంగతి. చట్టంలో ఉన్నది ఆ గడువులో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి అని. దాటితే ఏమవుతుందో ఎక్కడా లేదు. పైగా ఈ చట్టానికి ప్రత్యేకంగా కోర్టు ఇవ్వలేదు, అదే జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర చెక్ బౌన్సులు, ఎక్సైజ్ కేసులు, యాక్సిడెంట్లు, కొట్లాటలు, రిమాండ్లు అన్నిటి మధ్యలో మీ డీవీసీ. పొద్దున్న రిమాండ్‌కి తెచ్చినవాళ్ళని చూసేసరికే పదకొండున్నర అవుద్ది.

నోటీసు సంగతి ఇంకా విచిత్రం. సెక్షన్ 13 ప్రకారం ప్రొటెక్షన్ ఆఫీసర్ రెండు రోజుల్లో నోటీసు అందించాలి, లేదా కోర్టు సబబు అనుకున్న ఇంకాస్త టైమ్‌లో. మన దగ్గర అది తపాలాలో వెళ్ళి, "తలుపు తాళం", "ఆ చిరునామాలో లేరు" అని తిరిగొచ్చేసరికి రెండు మూడు నెలలు. అవతలివాడు వచ్చాక కౌంటర్‌కి టైమ్. తర్వాత ఆస్తి అప్పుల అఫిడవిట్లు, 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ వేసి తీరాలంది, మంచిదే, కానీ ఆ అఫిడవిట్ వేయకుండా సాగదీయడమే ఇప్పుడు కొత్త విద్య అయిపోయింది.

నన్నడిగితే కొత్త చట్టం అక్కర్లేదు. 2005 చట్టం మన దేశంలో ఆడవాళ్ళ కోసం రాసినవాటిలో బాగా ఆలోచించి రాసింది. కొట్టడం ఒక్కటే కాదు, తిట్టడం, మానసికంగా వేధించడం, లైంగిక హింస, డబ్బుకి కట్టడి చేయడం అన్నీ సెక్షన్ 3లో ఉన్నాయి, మీ చెల్లి ఏటీఎం కార్డు లాక్కోవడం కూడా దాని కిందకే వస్తుంది. లోటు అంతా ఆర్డర్ వచ్చిన తర్వాతే. ప్రొటెక్షన్ ఆర్డర్ (ఇక హింస చేయొద్దనే ఆర్డర్) మీరితే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా లేదా రెండూ. కానీ ఆ సెక్షన్‌లో రాసింది ప్రొటెక్షన్ ఆర్డర్ అని మాత్రమే, డబ్బు ఆర్డర్, ఇంట్లో ఉండనిచ్చే ఆర్డర్ మీరితే ఏంటి అనేది సూటిగా లేదు. నేను ఒక్క సవరణ కోరుకోమంటే అది కోరుకుంటా, ఏ ఆర్డర్ మీరినా ఒకటే శిక్ష అని.

మళ్ళీ_మొదలు:

అక్క చెప్పింది కోర్టు లోపలి సంగతి. నేను కోర్టుకి వెళ్ళకముందు జరిగేది చెప్తా, ఎందుకంటే నాలాంటి బాధితులం ఎక్కువమంది అక్కడే ఆగిపోతాం.

ఈ చట్టం మొత్తం ప్రొటెక్షన్ ఆఫీసర్ అనే మనిషి మీద నిలబెట్టారు. బాధితురాలి దగ్గర కూర్చుని డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్టు (డీఐఆర్) రాయాలి, ఉచిత లాయర్‌ని ఇప్పించాలి, షెల్టర్ చూపించాలి, దెబ్బలుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఆర్డర్ అమలవుతుందో లేదో చూడాలి. చదవడానికి ఎంత బాగుందో. మన జిల్లాల్లో ఈ బాధ్యత ఐసీడీఎస్ చూసే ప్రాజెక్ట్ డైరెక్టర్ నెత్తిన అదనంగా పెట్టారు, అంగన్‌వాడీ కోడిగుడ్లు, పాలప్యాకెట్లు, మీటింగులు, మధ్యలో మనం. నేను వెళ్ళినప్పుడు మేడమ్ రివ్యూలో ఉన్నారు అన్నారు, అక్కడున్న కౌన్సెలర్ మంచి అమ్మాయే, నాతో పాటు కన్నీళ్ళు కూడా పెట్టుకుంది, కానీ తనది కాంట్రాక్టు ఉద్యోగం, ఆఫీసుకి బండి లేదు, మా ఆయన ఇంటికి వెళ్ళి చూడమంటే ఆటో డబ్బులు తనే పెట్టుకోవాలి.

ఇది నా ఒక్కదాని గోల కాదు, 2025 మేలో సుప్రీంకోర్టే రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది, జిల్లా స్థాయిలో తాలూకా స్థాయిలో ప్రొటెక్షన్ ఆఫీసర్లని ఆరు వారాల్లో నియమించండి అని. చట్టం అమల్లోకి వచ్చింది 2006 అక్టోబర్‌లో. దాదాపు పంతొమ్మిదేళ్ళ తర్వాత ఇంకా ఆఫీసర్లని పెట్టండి అని కోర్టు చెప్తోందంటే అర్థం చేసుకోండి. ఆఫీసర్ పని చేయకపోతే సెక్షన్ 33 కింద శిక్ష ఉంది, అబ్బో అనుకున్నా, పక్కనే 34 చూస్తే రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ ముందు అనుమతిస్తేనే కేసు. ఇంక ఎవరి మీద ఎవరు పెడతారు?

మార్చాల్సింది ఇక్కడ. మండలానికి కాకపోయినా రెవెన్యూ డివిజన్‌కి ఒకరు, వేరే డ్యూటీ లేకుండా, పర్మనెంట్ ఉద్యోగం, బండి, ఫోన్. ఇంతకంటే పెద్ద సంస్కరణ నాకైతే కనపడట్లేదు.

ఏ4_తమ్ముడు:

నా మాట కూడా వినండి, తిట్టేముందు. నేను మా అన్న కేసులో ఏ4, అంటే నాలుగో నిందితుణ్ణి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నా, అన్నా వదినల ఇంటికి పండక్కి వెళ్ళడం తప్ప ఏమీ తెలియదు, కంప్లైంట్‌లో "మరిది కూడా ప్రోత్సహించాడు" అని ఒక్క లైను. ఆ ఒక్క లైనుకి లీవులు, లాయరు ఫీజులు, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌లో తలనొప్పి, మా అక్కకి కూడా సేమ్, తనకి పెళ్ళయి పదేళ్ళు. వదినకి అన్యాయం జరగలేదు అనట్లేదు, మా అన్న సంగతి నాకు తెలుసు. కానీ ఇంటిల్లిపాదినీ లాగడం ఏంటి? 2024 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు ఇదే అంది, ప్రత్యేకంగా ఏం చేశారో చెప్పకుండా బంధువులందరి పేర్లూ రాయడం దుర్వినియోగమే అని కేసు కొట్టేసింది. 2025 జులైలో అలహాబాద్ హైకోర్టు పెట్టిన రెండు నెలల కూలింగ్ పీరియడ్ రూల్స్‌ని (ఆ రెండు నెలలు అరెస్టు లేకుండా కేసుని ముందు కుటుంబ కమిటీకి పంపడం) కూడా సుప్రీంకోర్టు ఓకే అంది. సంస్కరణ అంటే ఇది కూడా కదా?

విశాఖ_గాలి:

మగాళ్ళకి చట్టం లేదు ఈ దేశంలో. అంతే.

మళ్ళీ_మొదలు:

@విశాఖ_గాలి, ఇలాంటి ఒక్క లైనుతో ఏం మాట్లాడతాం అండీ.

@ఏ4_తమ్ముడు, మీ బాధ నాకు అర్థమైంది, నిజంగానే. కానీ ఆ రెండు నెలలు ఎవరికి కూలింగ్? కంప్లైంట్ ఇచ్చిన అమ్మాయి ఆ రెండు నెలలూ ఎక్కడుంటుంది, ఏం తింటుంది, అది ఎవరూ చెప్పరు. ఈ కమిటీల ఆలోచన 2017లో ఒకసారి సుప్రీంకోర్టే తెచ్చి, 2018లో తనే వెనక్కి తీసుకుంది, కేసు ముందు కమిటీకి పంపడం చట్టంలో లేదు అని. మళ్ళీ ఇప్పుడు అదే.

దుర్వినియోగం గురించి ఎంత మాట్లాడుకుంటామో, చెప్పుకోనివాళ్ళ గురించి అంత మాట్లాడుకోం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్ళైన ఆడవాళ్ళలో భర్త చేతిలో హింస పడ్డామన్నవాళ్ళు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రాలో 30 శాతం. దేశం మొత్తం మీద హింస పడినవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగింది 14 శాతమే. అదే సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం ఆడవాళ్ళే, భర్త కొట్టడానికి ఏదో ఒక కారణం ఉంటే తప్పు లేదు అన్నారు. చెప్పకుండా బయటికెళ్ళడం, అత్తమామల్ని లెక్క చేయకపోవడం, ఇలాంటివి. మా అమ్మ కూడా ఆ 84లోనే ఉంటుంది అనుకుంటా, "మీ నాన్న కొట్టలేదా, నేను కాపురం చేయలేదా" అనే అంది నాతో.

బార్_రూమ్_అక్క:

తమ్ముడూ, మీరు 498ఏనీ డీవీసీనీ కలిపేస్తున్నారు, చాలామంది చేసేదే. 498ఏ క్రిమినల్, ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 85, అందులో అరెస్టు భయం ఉంటుంది, అది కూడా 2014 అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత పోలీసులు ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, ఊరికే తీసుకుపోవడానికి లేదు. డీవీసీలో మొదట అరెస్టే ఉండదు, బెయిల్ ప్రశ్నే రాదు, అడిగేది రక్షణ, ఇల్లు, ఖర్చులు, పిల్లలు. ఆర్డర్ మీరితేనే నేరం. 2015లో మన ఉమ్మడి హైకోర్టు కూడా చెప్పింది, డీవీసీలో ప్రతి వాయిదాకీ మనిషి రావాలని పట్టుబట్టొద్దని. అయినా కొన్ని కోర్టుల్లో ఇప్పటికీ క్రిమినల్ కేసులాగే పిలిచి నిలబెడతారు, దానివల్ల అవతలివాళ్ళు ఇంకా మొండికెక్కుతారు, వాళ్ళు ఏ1 ఏ2 అనుకుంటారు, ఇక్కడ ఉండేది రెస్పాండెంట్లు మాత్రమే.

ఇంకో సంగతి, 498ఏలో రాజీకి వీల్లేదని దేశమంతా గొడవ పడుతుంటే, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే సవరణ చేసుకున్నాం, అప్పటి సీఆర్‌పీసీ కింద కోర్టు అనుమతితో భార్య రాజీ పడొచ్చు అని ఉండేది, అడిగాక కనీసం మూడు నెలలు ఆగి అప్పుడు ఒప్పుకోవాలి, ఆలోపు ఆమె మనసు మార్చుకోవచ్చు కూడా. ఇలాంటి తెలివైన సవరణ కావాలి, రెండువైపులా పనికొచ్చేది. దూరపు బంధువుల పేర్లు మొదటి హియరింగ్‌లోనే చూసి తీసేయమనండి, నేను మీతోనే. దానికోసం బాధితురాలిని రెండు నెలలు ఆగమనడం ఎందుకు?

ప్లేనో_పద్మ:

నేను టెక్సాస్ నుంచి. మన తెలుగువాళ్ళకి ఇక్కడ హెల్ప్ చేసే గ్రూపులో వాలంటీర్‌ని, అందుకని రెండు ముక్కలు. ఇక్కడ ఇంట్లో కొట్టాడని అరెస్ట్ చేస్తే, జడ్జి ముందుకి తీసుకెళ్ళినప్పుడే ఎమర్జెన్సీ ప్రొటెక్షన్ ఆర్డర్ ఇవ్వొచ్చు, మామూలుగా 31 రోజుల నుంచి 61 రోజుల వరకు, ఆయుధం వాడితే 91 దాకా. ఆ టైమ్‌లో అతను ఇంటికి వస్తే అదే ఇంకో నేరం. బాధితురాలు లాయర్‌ని పెట్టుకుని పిటిషన్ వేసి నోటీసు వెళ్ళి అతను వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. మన చట్టంలో కూడా సెక్షన్ 23 కింద ఎక్స్‌పార్టీ (అవతలివాళ్ళ మాట వినకముందే ఇచ్చే) ఆర్డర్ ఉంది, అక్కలు చెప్తారు, కానీ మొదటి రోజే ఇచ్చిన కోర్టు గురించి నేను వినడం తక్కువ.

అలాగని ఇక్కడ స్వర్గం అనుకోవద్దు. హెచ్4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చిన అమ్మాయి పరిస్థితి దారుణం, వీసా అతని ఉద్యోగం మీద, బ్యాంక్ అకౌంట్ అతనిది, కారు అతనిది. విడిపోతే స్టేటస్ పోతుంది. ఇక్కడి చట్టంలో బాధితురాలు సొంతంగా గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేసే దారి భర్త సిటిజెనో గ్రీన్‌కార్డ్ హోల్డరో అయితేనే. హెచ్4 వాళ్ళకి హింస రుజువు చూపిస్తే వర్క్ పర్మిట్ కోసం ఐ-765వి అనే ఫారం ఉంది, చాలామందికి తెలీదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా, మీ ఎవరి చెల్లికైనా పనికొస్తుంది. ఇండియాకి దింపేసి పాస్‌పోర్ట్ లాక్కుని తిరిగొచ్చే భర్తలు ఉన్నారు. అలాంటివాళ్ళు పుట్టింటి ఊళ్ళోనే డీవీసీ వేయొచ్చు, సెక్షన్ 27 ఉంది, కానీ ఆర్డర్ వచ్చినా డాలస్‌లో ఉన్నవాడి మీద అమలు చేయించడం చాలా కష్టం. ఎన్నారై పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ బిల్లు 2019లో రాజ్యసభలో పెట్టారు, చట్టం కాలేదు.

రెండో_పేజీ:

ఎవరూ ముట్టుకోని దాని గురించి అడుగుతా. డీవీ చట్టం సెక్షన్ 3లో లైంగిక హింస ఉంది, అంటే భార్య వెళ్ళి రక్షణ అడగొచ్చు. అదే పని మీద పోలీస్ కేసు పెడదామంటే బీఎన్‌ఎస్ 63లో మినహాయింపు, భార్య వయసు 18 దాటితే అది రేప్ కాదు. ఒకే ప్రభుత్వం, ఒకే గది, ఒక చట్టంలో హింస, ఇంకో చట్టంలో ఏమీ కాదు. 2013లో జస్టిస్ వర్మ కమిటీ ఆ మినహాయింపు తీసేయమంది, 2022లో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు, అది సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2024లో పాత ఐపీసీ మొత్తం తీసేసి కొత్తది తెచ్చినప్పుడు మార్చే అవకాశం ఉంది కదా, నెంబర్ మార్చి అలాగే ఉంచారు. సంస్కరణ అని లిస్టు రాస్తే నాది ఇది మొదటిది. ఆడవాళ్ళు ఇక్కడ కూడా దీని గురించి రాయలేదు చూడండి, సిగ్గు మనకి అంత పని చేస్తుంది.

మళ్ళీ_మొదలు:

నిజమే అక్కా. నా డీఐఆర్‌లో ఆ ఫారంలో లైంగిక హింస అని టిక్కులు పెట్టే చోటు ఉంది, మా నాన్న పక్కన కూర్చుని ఉన్నాడు, నేను దాటేశా. ఫారం నింపేటప్పుడు ఇంట్లోవాళ్ళని బయట కూర్చోబెట్టాలి అనే రూలు కూడా కావాలి, దీనికి పార్లమెంటు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

తెనాలి_అన్నయ్య:

అందరికీ థాంక్స్, ఇన్ని విషయాలు మా లాయర్ గారు కూడా చెప్పలేదు. ఒక డౌటు, ఇల్లు మా బావ పేరు మీద లేదు, వాళ్ళ నాన్న పేరు మీద ఉంది. మీకు అక్కడ హక్కు లేదు, ఖర్చులు ఒక్కటే అడగండి అన్నారు లాయర్ గారు. నిజమేనా? చెల్లి మాత్రం ఆ ఇంటికి వెళ్ళనంటోంది, కానీ తన బంగారం, పాప సర్టిఫికెట్లు అక్కడే ఉన్నాయి. ఇంకో లాయర్‌ని పెట్టుకునే స్తోమత ఇప్పుడు లేదు.

బార్_రూమ్_అక్క:

అది పాత మాట. 2006లో బత్రా కేసులో సుప్రీంకోర్టు అలా అంది, అత్తమామల పేరున ఉన్న ఇల్లు షేర్డ్ హౌస్‌హోల్డ్ (భార్యకి ఉండే హక్కున్న కాపురపు ఇల్లు) కాదని, దాంతో పద్నాలుగేళ్ళు ఆడవాళ్ళు రోడ్డు మీద పడ్డారు, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఇల్లు ఎప్పుడూ మామగారి పేరునే ఉంటుంది. 2020 అక్టోబర్‌లో సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది, ఎవరి పేరున ఉన్నా భార్యగా అక్కడ కాపురం చేసి ఉంటే హక్కు అడగొచ్చు అని. వెళ్ళనంటోంది కాబట్టి బలవంతం వద్దు, సెక్షన్ 19లోనే ఇంకో దారి ఉంది, అలాంటి స్థాయి ఇల్లు వేరే చూపించమని లేదా అద్దె కట్టమని అడగొచ్చు. బంగారం, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించమని కూడా 19లోనే ఎనిమిదో క్లాజు కింద అడగాలి, లిస్టు రాసి, పెళ్ళి ఫొటోల్లో ఆ నగలు కనపడేవి పెట్టి, బిల్లులు ఉంటే జత చేసి. మొదటి పిటిషన్‌లో ఇవి అడగకపోయినా సవరణ వేసుకోవచ్చు, కంగారు పడొద్దు.

ఫీజు సంగతికి, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టం. తెనాలి కోర్టు ప్రాంగణంలోనే మండల లీగల్ సర్వీసెస్ కమిటీ ఆఫీసు ఉంటుంది, దరఖాస్తు తెల్లకాగితం మీద రాసినా తీసుకుంటారు, లేదా 15100కి ఫోన్ చేయండి. ఉన్న లాయర్‌ని మార్చాలంటే ఆయన దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకోండి, గొడవ పెట్టుకోకుండా. వెళ్ళేటప్పుడు ఇంటరిమ్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్, బావ కంపెనీ అడ్రస్ పట్టుకెళ్ళండి. అమలు పిటిషన్ నెంబర్ పడ్డాక ఇక్కడ చెప్పండి, తర్వాత ఏం అడగాలో చూద్దాం.